పేరు లేని వ్రాతలు: పనప్పాకము ఆనందాచార్యులు

చిత్తూరు పట్టణమునకు ఆనుకొనియున్న కట్టమంచి పేరు వినగానే తెలుగు చదువరికి స్ఫురించువారు రామలింగారెడ్డిగారు. వారి పేరులోనే ఊరి పేరు ఇమిడియున్నది గనుక అది సహజమే. 'ముసలమ్మ మరణము' వ్రాసిన కవిగా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షులుగా వారి కీర్తి బడిపిల్లలకు సైతము తెలిసినదే. కాని వారు పుట్టుటకు ముప్పదియేడేండ్లకు పూర్వము, 1843లో, ఆ యూరనే జన్మించి, భారత జాతీయ మహాసభకు అధ్యక్షత వహించిన మహనీయుడు మరియొకరు కలరు. ఆయన పనప్పాకము ఆనందాచార్యులు. ఆయన యింటిపేరు వేరొక గ్రామమును చెప్పునే గాని కట్టమంచిని చెప్పదు; కట్టమంచియు ఆయనను అంతగా చెప్పుకొనదు. ఇది కొంత విచారకరమే యైనను, ఆయన జీవితములోని ఒక భాగమునకు తగియే యున్నది. ఏలయన, ఆయన తొలినాళ్ళలో పత్రికలకు వ్రాసిన వ్రాతలు ఆనాటి వాడుక ననుసరించి పేరు లేకయే వెలువడెను.

ఆయన పుట్టిన నాటికి చిత్తూరు ప్రత్యేకముగా ఒక జిల్లా కాదు. ఉత్తరార్కాటు జిల్లాకు అది ముఖ్యపట్టణము; నేటి పేరుతో జిల్లా ఏర్పడినది 1911లో. ఆయన పుట్టిన 1843వ సంవత్సరముననే ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ నిర్వహణమును తాను విడిచిపెట్టి హాథీరాంజీ మఠము మహంతుల కప్పగించెను. దేవాలయములను విడిచినను కచ్చేరీలను మాత్రము కంపెనీ విడువలేదు. తెలివిగల బాలునకు ఆ సీమలో రెండే దారులు: కలెక్టరు కచ్చేరీలో గుమాస్తాగిరి, లేదా చెన్నపట్టణ ప్రయాణము. ఆనందాచార్యులు చిన్ననాటనే చెన్నపట్టణము చేరి, విద్య ముగించి, కాయలి వేంకటపతిగారను న్యాయవాదివద్ద పని నేర్చి, 1869లో హైకోర్టు న్యాయవాదియయ్యెను. వృత్తిలో ఆయన గడించిన పేరు పెద్దది. ముప్పదియేండ్ల పిమ్మట, 1899లో, చెన్నపట్టణ న్యాయవాదులు తమకొక సంఘమును ఏర్పరచుకొన్నప్పుడు దానికి పునాది వేసినవారు ఆయనయే.

కాని ఆ న్యాయవాది రాత్రివేళ చేసిన పని మరియొకటి కలదు. 'నేటివ్ పబ్లిక్ ఒపీనియన్' అనియు, 'మద్రాసీ' అనియు ఆ రోజులలో చెన్నపట్టణమున ఆంగ్లభాషలో భారతీయుల పత్రికలుండెడివి. వానికి ఆనందాచార్యులు తరచుగా వ్రాయుచుండెను. ఆనాటి పత్రికలలో సంపాదకీయములకు గాని, వ్యాఖ్యలకు గాని వ్రాసినవాని పేరు వేయు ఆచారము లేదు. పత్రిక తన గొంతుతో తాను మాట్లాడెడిది. లేఖలు వ్రాయువారు మాత్రము 'ఒక రైతు' అనియో, 'సత్యవాది' అనియో, ఏదో ఒక లాటిను పదమో క్రింద చేర్చి తమ పేరును దాచుకొనెడివారు.

దీనిని పిరికితనమని నేటివారు తలచుట సులభము. అట్లు తలచుటకు ముందు, అప్పుడు వ్రాయగలవారెవరో కొంచెము ఆలోచింపవలెను. ఆంగ్లము నేర్చి, ప్రభుత్వపు లెక్కలు చదివి, తప్పొప్పులు చెప్పగల భారతీయులు మూడు నాలుగు వృత్తులలోనే యుండిరి. ఒకడు కచ్చేరీ గుమాస్తా: వాని అన్నము కలెక్టరు చేతిలో నుండెను. ఒకడు ఉపాధ్యాయుడు: పాఠశాలకు వచ్చు గ్రాంటు తనిఖీదారు కలములో నుండెను. ఒకడు వకీలు: ప్రతి ఉదయము ఏ న్యాయాధిపతి యెదుట నిలువవలెనో ఆ న్యాయాధిపతి దొరయే. ప్రభుత్వోద్యోగి యనుమతి లేక పత్రిక నడపరాదని నిబంధన కూడ ఉండెను. పన్నుల భారమును గూర్చి, పోలీసుల దౌర్జన్యమును గూర్చి, కరవుకాలపు సహాయక పనులలోని అక్రమములను గూర్చి బాగుగా తెలిసినవారు వీరే. పేరు వేసి వ్రాయుమనుట వీరిని వ్రాయవద్దనుటయే. ఓటు లేని దేశమున, శాసనసభలో ప్రజాప్రతినిధి యొక్కడును లేని కాలమున, పేరు లేని ఆ రెండు పేరాలే ప్రజల నోరు.

మరియొక ప్రయోజనము కూడ కలదు. అది దొరలతో సంబంధించినది కాదు, మనతో సంబంధించినది. మాట వినగానే, చెప్పినవాడెవడు, ఏ కులమువాడు, ఏ వయసువాడు, ఎవరి బంధువు అని అడుగుట మన సమాజమునకు చిరకాలాభ్యాసము. పేరు లేని వ్రాత ఈ ప్రశ్నలకు తావీయదు. ఇరువదియైదేండ్ల కుఱ్ఱవకీలు వ్రాసినదో, పండిన దివాను వ్రాసినదో తెలియనప్పుడు చదువరి వాదమునే తూచవలసి వచ్చును. రాజులను, లోభులను ఎత్తిపొడిచిన చాటుపద్యములు కర్త పేరు లేకయే వందల యేండ్లు నిలిచిన తెలుగుదేశమునకు ఈ సంగతి క్రొత్త కాదు.

ఇంతమాత్రమున పేరు లేని వ్రాత లన్నియు పూజ్యములని కాదు. ఆకాశరామన్న ఉత్తరము లెట్టివో ఎఱుగని ఊరు మన సీమలో లేదు. పొరుగువానిపై కక్షతో తాసిల్దారునకు పోవు అర్జీ, ఉపాధ్యాయుని బదిలీ కోరుచు పై అధికారికి పోవు కార్డు, రాత్రికి రాత్రి గోడపై వెలయు నిందావాక్యము—ఇవన్నియు పేరు లేనివే. అయితే ఆకాశరామన్నకును, ఆనందాచార్యులవంటి వారికిని నడుమ ఒక గీత కలదు. ఆకాశరామన్న బలము లేనివానిని చీకటిలో కొట్టును. ఆనాటి పత్రికా రచయిత బలవంతుని పట్టపగలు ప్రశ్నించెను. అంతేకాదు, ఆకాశరామన్న వ్రాతకు జవాబుదారి ఎవడును లేడు. పత్రికకు ఉండెను. 1867 నాటి చట్టము ప్రకారము ముద్రాపకుని పేరు, ముద్రించిన చోటు కాగితముపై ఉండితీరవలెను. ముద్రాపకుడును, ప్రకాశకుడును మేజిస్ట్రేటు ఎదుట ప్రకటన చేసి సంతకము పెట్టవలెను. వ్రాసినవాని పేరును మాత్రము ఆ చట్టము అడుగలేదు. సంపాదకుని పేరు వేయుట సైతము తప్పనిసరి యైనది 1922లోనే. అనగా వ్రాసినవాడు తెర వెనుక నుండును. వాని మాటకు పూచీపడువాడు తెర ముందు నుండును.

ఈ తెర సంగతి ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఎన్నికల దినమున బడిగదిలో అట్టతో, గుడ్డతో మూల నొక మరుగు కట్టి, దానిలోనికి ఒక్కొక్కరినే పంపి, లోపల ఏమి చేసిరో ఎవ్వరును చూడకుండ కావలి యుండువారు వారే గదా! ఇంగ్లండులో రహస్యముగా ఓటు వేయు పద్ధతి చట్టమైనది 1872లో. అనగా ఆనందాచార్యులు పత్రికలకు వ్రాయుచున్న దశాబ్దముననే. అంతకుముందు అచట కౌలుదారు తన భూస్వామి మనుష్యుల యెదుట నిలిచి, ఎవరికి ఓటు వేయుచున్నాడో పైకి చెప్పవలసి యుండెను. వాని నోట ఏ పేరు వచ్చెడిదో ఊహించుట కష్టము కాదు.

1878వ సంవత్సరము భారతీయ పత్రికలకు గండము. ఆ మార్చి 14వ తేదీన రాజప్రతినిధి లిట్టను ప్రభువు దేశభాషాపత్రికల చట్టమును ఒక్కరోజులో శాసనసభచేత ఆమోదింపజేసెను. ప్రకాశకుడు, ముద్రాపకుడు పూచీకత్తు వ్రాసి యీయవలెను. తప్పిన యంత్రములు సైతము జప్తగును. ఆంగ్లపత్రికలను అది తాకలేదు. కలకత్తాలోని 'అమృతబజారు పత్రిక' తెల్లవారునప్పటికి బంగాళీ వేషము విడిచి ఆంగ్లవేషము ధరించిన కథ ప్రసిద్ధము. చెన్నరాజధానికి ఆ చట్టము వర్తింపలేదు. కాని మేఘము ఎక్కడ కురిసినను ఉఱుము అంతటికిని వినబడును గదా!

ఆ యేడే ముత్తుస్వామయ్యరుగారు చెన్నపట్టణ హైకోర్టు న్యాయాధిపతిగా నియమితులైరి. ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడాయన. దొరల పత్రికలు దానిని సహింపక దుమారము రేపెను. బదులు చెప్పుటకు భారతీయుల చేతిలో గట్టి పత్రిక లేదు. అప్పుడు ఆరుగురు యువకులు ఒక రూపాయి పన్నెండణాలు అప్పుచేసి, 1878 సెప్టెంబరు 20వ తేదీన ఎనుబది ప్రతులతో 'హిందూ' వారపత్రికను వెలువరించిరి. వారిలో ఇద్దరు ఉపాధ్యాయులు: జి. సుబ్రహ్మణ్యయ్యరు, ఎం. వీరరాఘవాచార్యులు. తక్కిన నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. అందు రాజమహేంద్రవరపు న్యాపతి సుబ్బారావు పంతులుగా రొకరు. విద్యార్థులు చదువు ముగించి తలొక దారి పట్టగా భారము ఇద్దరు ఉపాధ్యాయుల మీద పడెను. ఆ పత్రిక నిలద్రొక్కుకొనుటకు తోడ్పడిన పెద్దలలో ఆనందాచార్యులు ముఖ్యులు. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. హైకోర్టులో తొమ్మిదేండ్ల అనుభవము. ఆయన కలము 'హిందూ'కు ఎడతెగక వ్యాసము లందించెను. యథాప్రకారముగా పేరు లేకయే. వ్యాసము బాగున్నచో మెప్పు పత్రికకు చెందును. వికటించినచో తిట్లు సంపాదకునకు చెందును. ఇట్టి బేరమునకు ఒప్పుకొను విద్వాంసులు ఏ కాలమునందును కొలదిమందియే.

ఇతర దేశములందును స్వాతంత్ర్యపు తొలినాళ్ళలో జరిగిన దిదియే. 1769 మొదలు 1772 వరకు లండను పత్రిక యొకదానిలో 'జూనియస్' అను మారుపేరుతో మంత్రులను, తుదకు రాజును సైతము ప్రశ్నించుచు లేఖలు వెలువడెను. ప్రభుత్వము ముద్రాపకుని న్యాయస్థానమున కీడ్చెను. జూరీ వారు, ఇతడు ముద్రించి ప్రకటించినమాట మాత్రమే నిజమని చెప్పి, శిక్షించుటకు వీలులేని తీర్పునిచ్చిరి. జూనియస్ ఎవరో నిర్వివాదముగా నేటికిని తేలలేదు. అమెరికా రాజ్యాంగమును ఆమోదింపుడని 1787–88లలో 'పబ్లియస్' అను ఒకే పేరుతో ముగ్గురు 85 వ్యాసములు వ్రాసిరి. రాజ్యాంగమును గూర్చిన ఆ చర్చలో ఇరుపక్షముల వారును మారుపేర్లతోనే వాదించుకొనిరి.

కాని పేరు దాచుకొని చేయరాని పనులును కలవు. హక్కులను అడుగుటకు పోవువాడు ముఖము చూపవలెను. 1884 మే నెలలో ఆనందాచార్యులు, సుబ్రహ్మణ్యయ్యరు, వీరరాఘవాచార్యులు కలిసి చెన్నపట్టణమున మహాజనసభను స్థాపించిరి. మరుసటి యేడు బొంబాయిలో సమావేశమైన మొదటి కాంగ్రెసునకు వచ్చిన 72 మంది ప్రతినిధులలో ఆయన యొకరు. 1891లో నాగపురమున జరిగిన కాంగ్రెసునకు ఆయన అధ్యక్షుడు. ఆ పదవి నధిష్ఠించిన తొలి తెలుగువాడాయనయే. ఇవి అన్నియు చరిత్రపుస్తకములలో నున్నవే గనుక విస్తరించుట అనవసరము. పిమ్మట ఆయన రాజప్రతినిధి శాసన నిర్మాణ సభలో సభ్యుడయ్యెను. ప్రభుత్వము రాయ్ బహద్దరు బిరుదమును, సి.ఐ.ఇ. గౌరవమును ఇచ్చెను. పేరు లేని కలముతో మొదలైన జీవితము ముందు వెనుక బిరుదములున్న పేరుతో సభామండపము చేరెను. అసలు పరీక్ష అక్కడ ఎదురయ్యెను.

1897 జూను 15వ తేదీన పూనా నుండి వెలువడు 'కేసరి'లో శివాజీ పలుకులుగా ఒక పద్యము ప్రకటితమయ్యెను. దాని క్రింద నున్నది కవి పేరు కాదు. భవానీ ఖడ్గచిహ్నమను మారుపేరు. కొలదిదినములకే పూనాలో ఇద్దరు ఇంగ్లీషు అధికారుల హత్య జరుగగా, ప్రభుత్వము ఆ పద్యమును, ఆ సంచికలోని మరికొన్ని వ్రాతలను చేపట్టి, సంపాదకుడైన బాలగంగాధర తిలకుపై రాజద్రోహనేరము మోపెను. కూడ నిలిచిన ముద్రాపకుడు విడుదల యయ్యెను. జూరీలోని ఆరుగురు యూరపియనులు తిలకు దోషియనిరి. ముగ్గురు భారతీయులు కాదనిరి. సెప్టెంబరులో తిలకుకు పదునెనిమిది నెలల కఠినశిక్ష పడెను. ప్రభుత్వముపై ప్రీతి లేకుండుటయే అప్రీతి యనునట్లు న్యాయాధిపతి స్ట్రేచీ జూరీకి బోధించుట దేశమంతట కలవరము పుట్టించెను. ప్రేమింపకుండుట నేరమైనచో నేరస్థుడు కానివా డెవడు?

ప్రభుత్వము ఆ వ్యాఖ్యానమును విడువక, దానిని మరింత గట్టిపరచుచు శిక్షాస్మృతిలోని 124-ఎ సెక్షనును సవరించుటకు చిత్తుచట్టము తెచ్చెను. కూడనే వచ్చిన క్రొత్త క్రిమినలు ప్రొసీజరు కోడు, రాజద్రోహపు వ్రాతలను వ్యాపింపజేయువానినుండి సత్ప్రవర్తనకు మేజిస్ట్రేటు జామీను కోరవచ్చునని 108వ సెక్షనులో చెప్పెను. జూరీ లేదు, హైకోర్టు లేదు. జిల్లా కచ్చేరీలోనే పని ముగియును. దీని వాత ఎవరిపై పడునో ఆనందాచార్యులవలె తెలిసినవారు ఆ సభలో అరుదు. సంపాదకునకు భయము పుట్టినచో ముందుగా మూతపడునది అజ్ఞాత రచయితల నోరు. ఏ ఊరి ఉపాధ్యాయుడో వ్రాసి పంపిన రెండు పేరాలను ఇకపై ఎవరు వేసికొందురు? వేసికొన్న సంపాదకుడు, నీ పేరు చెప్పుమని అడుగకుండునా? చెప్పినపేరు పోలీసు కచ్చేరీకి చేరకుండునా?

ఊరకుండుటకు ఆనందాచార్యులకు కారణములు పెక్కు కలవు. వయసు ఏబదియైదు. వృత్తి హైకోర్టులో. మెడలో ప్రభుత్వమిచ్చిన పతకము. సభలో ప్రభుత్వసభ్యులదే ఆధిక్యము గనుక, ఎంత వాదించినను ఫలితము ముందే తెలిసినది. దర్భంగా మహారాజు మొదలైన కొలదిమంది అనధికార సభ్యులతోపాటు ఆయన లేచి ఆ సవరణను ఎదిరించెను. విమర్శకును, ద్రోహమునకును నడుమ గీతను చట్టము చెరపివేయుచున్నదని, శాంతిభంగమునకు దారితీయని మాటను నేరము చేయరాదని నిరసించిన భారతీయుల పక్షమున నిలిచెను. ఈ మారు ప్రతిమాటయు ఆయన పేరుతోనే సభాకార్యక్రమ సంపుటమున కెక్కెను. సభవెలుపల కలకత్తా పురమందిరములో యువకుడైన రవీంద్రనాథఠాకూరు 'కంఠరోధ' మను వ్యాసమును చదివి తన నిరసనను తెలిపెను. 1898 ఫిబ్రవరి 18వ తేదీన చిత్తుచట్టము నెగ్గెను.

ఆయనను విప్లవవీరునిగా చిత్రించుట న్యాయము కాదు. ఆయన మితవాది. సామ్రాజ్యమును కూలద్రోయవలెనని ఆయన ఎన్నడును కోరలేదు; దొరల న్యాయబుద్ధిపై నమ్మకము తుదివరకు విడువలేదు. కాంగ్రెసులో అతివాద మితవాద భేదములు ముదిరినప్పుడు ఆయన మితవాదుల పక్షముననే నిలిచి, ఆ కలహము చల్లారకముందే 1908లో పరమపదించెను. తరువాతి తరమువారు బిరుదములను చూచి ఆయనను దూరముగా నుంచుటకు ఇది కొంత కారణము కావచ్చును. కాని బిరుదము లేనివాడు చట్టము నెదిరించుట ఒక ధైర్యము. బిరుదమిచ్చిన చేతినే పట్టుకొని అడ్డుట మరియొక ధైర్యము. రెండవదానికి కథలు పుట్టవు.

ఆయన మరణించిన 1908లోనే, ఆయన ఎదిరించిన ఆ సెక్షనే రాయలసీమవాడైన మరియొకని మీద పడెను. కర్నూలున పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడలో నడిపిన 'స్వరాజ్య' పత్రికలోని ఒక వ్యాసమునకై ఆయనను జైలుకు పంపిరి. స్వతంత్రము వచ్చిన పిమ్మటను ఆ సెక్షను చట్టపుస్తకములో నిలిచియుండెను. హింసకు, శాంతిభంగమునకు ప్రేరేపించిన మాటకే అది వర్తించునని 1962లో సుప్రీంకోర్టు కేదారనాథ్ సింగ్ వ్యాజ్యములో తీర్పుచెప్పినది. అనగా 1898లో ఓడిన వాదము అరువది నాలుగేండ్లకు గెలిచినది. 2024 జూలైలో పాత శిక్షాస్మృతి స్థానమున క్రొత్త సంహిత అమలులోనికి వచ్చుటతో 124-ఎ అను అంకె తొలగినది. రాజ్యముపై నేరములను గూర్చిన వేరొక సెక్షను దాని చోటికి వచ్చినది.

కలకత్తా శాసనసభ సంపుటములను తెరచినచో ఆనందాచార్యులు పలికిన ప్రతివాక్యమును తేదీతో, బిరుదముతో చూడవచ్చును. 1878 మొదలు నాలుగైదేండ్ల 'హిందూ' సంచికలను తెరచినచో వారము వారము బారులుతీరిన వ్యాసము లుండును: న్యాయాధిపతుల నియామకము, ఉప్పుపన్ను, జిల్లాల పాలన. దేనిక్రిందను పేరు లేదు. వానిలో కట్టమంచివాని కలమునుండి వచ్చినవి ఎన్నియో, ఉపాధ్యాయులవి ఎన్నియో, ఏ జిల్లా కచ్చేరీ గుమాస్తావి ఎన్నియో వేరుచేయుట ఇప్పుడెవ్వరి తరమును కాదు.